గర్భం నిలిచింది సరే, బీపీ సంగతి ఎవరు చెబుతారు?

రాహేలు గురించి మన సంఘాల్లో సగం కథే చెబుతారు. పిల్లలు లేరని కుమిలిపోయిన రాహేలు, బిడ్డలు లేకపోతే తనకు బతుకే వద్దని యాకోబుతో గొడవపడిన రాహేలు, చివరికి దేవుడు జ్ఞాపకం చేసుకుంటే యోసేపును కన్న రాహేలు. సంతానం లేనివారి కోసం పెట్టే ఉపవాస కూటాల్లో ఈ రాహేలునే వింటాం. ఆదికాండము 30లో ఆగిపోతాం. 35 దాకా వెళ్లం. అక్కడ అదే రాహేలు ఎఫ్రాతా దారిలో రెండో కాన్పు కష్టానికి చనిపోతుంది. ప్రాణం పోతున్న మనిషికి మంత్రసాని ఏమని ధైర్యం చెప్పింది? భయపడకు, ఈసారి కూడా మగపిల్లాడే అని!

ఆ మంత్రసానిని నేను తప్పుపట్టను. ఆమె చేతిలో అంతకంటే ఏమీ లేదు. ఈనాడు బీపీ మిషను, మూత్ర పరీక్ష, మెగ్నీషియం ఇంజెక్షను, ఆపరేషన్ థియేటరు అన్నీ ఉండి కూడా అదే మాటతో సరిపెట్టేవాళ్ల మీదే నా ఫిర్యాదు.

ఫెర్టిలిటీ సెంటర్ల బోర్డులు ఇప్పుడు బెంగళూరు, చెన్నైలకే పరిమితం కాదు. మనవాళ్లున్న చిన్న పట్టణాల్లో కూడా బస్టాండు దాటగానే నవ్వుతున్న పసిపాప ఫొటో, పక్కన సక్సెస్ రేటు, కింద ఈఎంఐ సౌకర్యం కలదు అన్న వాక్యం కనిపిస్తాయి. ఆ బోర్డుల్ని కాస్త నిదానంగా చూడండి. చాలావాటిలో పాప ఒక్కతే ఉంటుంది. తల్లి ఉండదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సంతాన చికిత్సతో నిలిచిన గర్భంలో, అందులోనూ ఫ్రీజ్ చేసి దాచిన పిండంతో, దాత ఇచ్చిన అండంతో, లేదా కవలలతో నిలిచిన గర్భంలో, బీపీ పెరిగి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. డబ్బు కట్టించుకునే ముందు ఆ సంగతి విడమరిచి చెప్పని సెంటరూ, చికిత్స చేయించుకున్నామన్న మాటే బయటికి రానివ్వని మన సంఘమూ, ఇద్దరూ కలిసి ఆ తల్లిని ప్రమాదంలోకి నెడుతున్నారు.

ముందు రోగం సంగతి. మన పెద్దవాళ్లు దీన్ని గుర్రపువాతం అనేవారు. 20 వారాలు దాటిన గర్భిణికి బీపీ 140/90 లేదా అంతకుమించి ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం, కిడ్నీలు దెబ్బతినడమో, ప్లేట్‌లెట్లు పడిపోవడమో జరిగితే డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరి ఫిట్స్ వస్తే అది ఎక్లాంప్సియా. మూలం మాయలో ఉంది. మాయకు రక్తం తెచ్చే నాళాలు సరిగా విచ్చుకోకపోతే, దాని ప్రభావం తల్లి ఒంట్లోని రక్తనాళాలన్నిటి మీదా పడుతుంది. అసలు విరుగుడు కాన్పే. అందుకే చాలామంది పిల్లలు నెలలు నిండకుండానే పుట్టాల్సి వస్తుంది. ప్రపంచంలో తల్లుల మరణాల్లో సుమారు 16 శాతానికి కారణం గర్భంలో వచ్చే ఈ బీపీ సమస్యలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అధిక రక్తస్రావం తర్వాత స్థానం దీనిదే.

దీనితో చిక్కు ఏమిటంటే మొదట్లో ఏ బాధా ఉండదు. కాళ్లు వాస్తే అందరికీ ఉండేదే అంటాం. తలనొప్పికి అమృతాంజనం రాస్తాం. కళ్ల ముందు మెరుపులు కనిపిస్తే నీరసమంటాం. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ మాత్ర వేస్తాం. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు కొందరు. దయ్యమని చెప్పి ప్రార్థన చేసేవాళ్ల కోసం కబురు పంపుతారు ఇంకొందరు. ఈలోగా గంటలు గడిచిపోతాయి.

ఇక చికిత్స సంగతి. డెన్మార్క్, నార్వే, స్వీడన్ దేశాల్లో పుట్టిన ప్రతి బిడ్డకూ, చేసిన ప్రతి చికిత్సకూ రికార్డు ఉంటుంది. 1988 నుంచి 2015 మధ్య కాలానికి చెందిన 45 లక్షల పైచిలుకు కాన్పుల రికార్డులను కలిపి చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. సహజంగా కలిగిన గర్భాల్లో బీపీ సమస్య వచ్చింది 4.3 శాతానికి. ఐవీఎఫ్‌లో తాజా పిండం పెట్టినప్పుడు 5.9 శాతానికి. ఫ్రీజ్ చేసిన పిండం పెట్టినప్పుడు 7.4 శాతానికి.

ఈ లెక్క చూపిస్తే సెంటర్ల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది. "మా దగ్గరికి వచ్చేవాళ్లు వయసు పైబడినవాళ్లు, షుగరు, పీసీఓఎస్, అధిక బరువు ఉన్నవాళ్లు. బీపీ వాళ్లతోనే వచ్చింది, మా చికిత్సతో కాదు." ఇందులో కొంత నిజం ఉంది, కాదనను. కానీ ఆ అధ్యయనం చేసినవాళ్లు ఈ ప్రశ్నను ముందే ఊహించారు. ఒకే తల్లికి ఒక కాన్పు సహజంగా, మరో కాన్పు ఐవీఎఫ్‌తో జరిగిన కుటుంబాలను విడిగా తీసి చూశారు. తల్లి అదే, ఆమె ఒళ్లూ అదే. తాజా పిండం విషయంలో తేడా మాయమైంది. అంటే అక్కడ సెంటర్ల జవాబు నిలబడింది. ఫ్రీజ్ చేసిన పిండం విషయంలో మాత్రం ప్రమాదం దాదాపు రెట్టింపుగానే మిగిలింది. దాన్ని తల్లి మీదికి నెట్టేయడం కుదరదు.

మరి ఫ్రీజ్ చేయడం తప్పా? కాదు. పీసీఓఎస్ ఉన్న 1,508 మందితో చైనాలో చేసిన ప్రయోగ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఫ్రీజ్ చేసి తర్వాత పెట్టినవాళ్లలో బిడ్డలు పుట్టింది ఎక్కువమందికి. ఇంజెక్షన్ల వల్ల అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరే ప్రమాదం బాగా తగ్గింది. ప్రీఎక్లాంప్సియా మాత్రం 1.4 శాతం నుంచి 4.4 శాతానికి పెరిగింది. లాభమూ ఉంది, నష్టమూ ఉంది. మన సెంటర్లలో కౌన్సెలింగ్ అనే పేరుతో జరిగే అరగంట ముచ్చటలో మొదటి సగమే వినిపిస్తుంది.

ఫ్రీజ్ చేసిన పిండంతో బీపీ ఎందుకు పెరుగుతుంది? ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే అడగాల్సిన ప్రశ్న ఇందులోనే ఉంది. నెలనెలా అండం విడుదలయ్యాక, అండాశయంలో అది ఉన్న చోట చిన్న పసుప్పచ్చని గ్రంథి ఒకటి ఏర్పడుతుంది. దాని పేరు కార్పస్ ల్యూటియమ్. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ అక్కడే తయారవుతుంది. దానితోపాటు రిలాక్సిన్ లాంటివి కూడా వస్తాయి. తల్లి రక్తనాళాలు సడలి గర్భానికి తగ్గట్టు సర్దుకోవడానికి ఇవి తోడ్పడతాయని పరిశోధకులు భావిస్తున్నారు.

ఫ్రీజ్ చేసిన పిండాన్ని లోపల పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆమెకు సహజంగా అండం విడుదలయ్యే రోజును స్కానింగ్‌తో కనిపెట్టి, దాన్నిబట్టి పెట్టడం. రెండోది, ఈస్ట్రోజెన్ మాత్రలతో గర్భసంచి పొరను మందంగా తయారుచేసి, తర్వాత ప్రొజెస్టిరాన్ ఇచ్చి, ముందే అనుకున్న తేదీకి పెట్టడం. రెండో పద్ధతిలో అండం విడుదల కాదు కాబట్టి ఆ పసుపు గ్రంథి ఏర్పడదు. ప్రొజెస్టిరాన్ బయటి నుంచి ఇస్తారు. మిగతావి ఎవరూ ఇవ్వరు. బీపీ ప్రమాదం ముఖ్యంగా ఈ రెండో పద్ధతిలోనే ఎక్కువగా ఉందని ఒక దేశం తర్వాత ఒక దేశం నుంచి అధ్యయనాలు వస్తున్నాయి.

నెలసరి సరిగా రాని స్త్రీకి, అండాశయాలు పనిచేయని స్త్రీకి రెండో పద్ధతి తప్పదు. కానీ నెలనెలా గడియారంలా నెలసరి వచ్చే స్త్రీకి కూడా అదే ఎందుకు? గర్భం నిలిచే అవకాశంలో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా సెంటరు టైమ్‌టేబుల్‌లో ఉంది. మాత్రలతో అయితే తేదీ వాళ్ల చేతిలో ఉంటుంది. ఆదివారం పని పెట్టుకోనక్కర్లేదు, పదేపదే స్కానింగ్ చేయనక్కర్లేదు, పది మందిని ఒకే వారంలో సర్దవచ్చు. సిబ్బంది కొరత వాళ్లకూ ఉంటుంది, అర్థం చేసుకోగలను. అయితే ఆ సౌకర్యానికి ధర ఎవరి ఒంటి నుంచి వసూలవుతోందో ఆమెకు చెప్పాలి కదా.

కవలల గురించి పెద్దగా వాదన అక్కర్లేదు. ఒక్క బిడ్డ ఉన్న గర్భం కంటే కవలల గర్భంలో ప్రీఎక్లాంప్సియా రెండు మూడు రెట్లు ఎక్కువన్నది ప్రసూతి వైద్యంలో పాత సంగతి. రెండు పిండాలు పెట్టమని బతిమాలేది చాలాసార్లు మనవాళ్లే. ఒకే ఖర్చుతో ఇద్దరు అన్న లెక్క. సెంటరుకు సక్సెస్ రేటు, మనకు ఆదా. ఆమెకు 2 మాయలు, పుట్టే పిల్లలకు తక్కువ బరువు.

దాత అండం సంగతి వేరు. ఆ బిడ్డకు జన్యుపరంగా తండ్రి వైపూ, దాత వైపూ మాత్రమే పోలిక ఉంటుంది. మోసే తల్లి ఒంటికి ఆ పిండం పూర్తిగా కొత్త మనిషి. సొంత అండంతో చేసే ఐవీఎఫ్ కంటే దాత అండంతో ప్రీఎక్లాంప్సియా రెండు రెట్లకు పైగా ఎక్కువని అనేక అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. దాత అండం తీసుకునేవాళ్లు సాధారణంగా వయసు పైబడినవాళ్లే కాబట్టి ప్రమాదం మీద ప్రమాదం. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏళ్లు దాటిన ఒక తూర్పుగోదావరి తల్లి ఐవీఎఫ్‌తో కవలలను కన్నప్పుడు టీవీ చానళ్లు పండగ చేసుకున్నాయి. రికార్డు అన్నారు. యానాం నుంచి షోలాపూర్ దాకా మన వాట్సాప్ గ్రూపుల్లో శారా కథతో కలిపి ఆ వార్తను పంచుకున్నారు. ఆ వయసులో ఆ గుండె, ఆ కిడ్నీలు ఏం మోశాయో అడిగినవాళ్లు అతి తక్కువ. 2021లో వచ్చిన ఏఆర్‌టీ నియంత్రణ చట్టం స్త్రీకి 50 ఏళ్లు, పురుషుడికి 55 ఏళ్లు దాటితే ఈ చికిత్స చేయకూడదని గీత గీసింది. మంచిదే.

ఇంకో మాట. సంతానం లేని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్యకణాలు తక్కువైతే చేసేదేమిటి? ఇక్సీ. అంటే ఏ లోపమూ లేని భార్యకు రోజూ ఇంజెక్షన్లు వేసి, మత్తు ఇచ్చి అండాలు తీసి, పిండం చేసి, ఫ్రీజ్ చేసి, మాత్రలతో లోపల పెట్టడం. లోపం ఆయనది, బీపీ ఆవిడది. అయినా మన స్త్రీల సమాజం కూటంలో గొడ్రాలు అన్న మాట ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? ఆయన వీర్య పరీక్ష రిపోర్టు బీరువాలో ఉంటుంది. ఈమె మాత్రం ప్రతి ఆదివారం "ఏమైనా విశేషం ఉందా అమ్మా" అన్న పలకరింపుకు తల దించుకోవాలి.

ఇక్కడే సంఘం సంగతికి వస్తున్నాను.

మన సంఘాల్లో సంతానం విషయంలో రెండే సాక్ష్యాలు చెల్లుతాయి. ఒకటి, ప్రార్థించాం, దేవుడిచ్చాడు. రెండు, ఇంకా ప్రార్థిస్తున్నాం. ప్రార్థించాం, అప్పు చేశాం, చెన్నై వెళ్లాం, మూడోసారికి నిలిచింది అన్న సాక్ష్యానికి మైకు దొరకదు. చెబితే విశ్వాసం చాలలేదంటారు. బిడ్డ ఎవరి అండమో అని గుసగుసలాడతారు. అందుకని ఆ జంట నోరు కట్టేసుకుంటుంది. హన్నా కుమిలి ఏడుస్తుంటే తాగి వచ్చిందనుకున్న ఏలీ ఒక్కడే కాదు, చాలా సంఘాల్లో ఉన్నాడు.

ఈ మౌనం పరువుకు సంబంధించిన విషయం మాత్రమే అయితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఇది వైద్య ప్రమాదం. ముఖ్యంగా రాష్ట్రం బయట తరతరాలుగా స్థిరపడిన మనలాంటివాళ్లకు. మన పెళ్లిళ్లు రాష్ట్రాలు దాటి జరుగుతాయి. అమ్మాయిది బరంపురం, అత్తవారిది కేజీఎఫ్, ఉద్యోగాలు బెంగళూరులో. చికిత్స బెంగళూరులో చేయించుకుంటారు. గర్భం నిలిచాక రెండు మూడు నెలలకు ఫెర్టిలిటీ సెంటరు, ఇక మీ దగ్గరి గైనకాలజిస్టుకు చూపించుకోండి అని పంపేస్తుంది. ఏడో నెలలో పుట్టింటికి. కాన్పు ఎక్కడో జిల్లా పట్టణంలో, వేరే భాష మాట్లాడే నర్సు చేతుల మీదుగా. ఆ నర్సు చేతిలోని తల్లీబిడ్డల కార్డులో ఈ గర్భం ఎలా వచ్చిందో ఉండదు. ఎవరూ చెప్పరు కాబట్టి.

మా అసోసియేషన్ సభ్యుల కుటుంబంలో జరిగిన సంగతి, వాళ్ల అనుమతితో ఊరు చెప్పకుండా రాస్తున్నాను. 38 ఏళ్ల సోదరి. రెండుసార్లు విఫలమై, మూడోసారి దాత అండంతో గర్భం నిలిచింది. భార్యాభర్తలకూ, ఆమె తల్లికీ తప్ప మరెవరికీ తెలియదు. పుట్టింటి ఊళ్లో నర్సింగ్ హోముకు వెళ్లేటప్పుడు ఆ ఫైలు ఇంట్లోనే ఉంచి వెళ్లేవారు, వదినగారి కంట పడుతుందని. అక్కడివాళ్లు మొదటి కాన్పు అని మాత్రమే రాసుకున్నారు. 28వ వారంలో బీపీ 134/88 ఉంటే, కంగారేం లేదు వచ్చే నెల రమ్మన్నారు. దాత అండమని తెలిసుంటే వచ్చే నెల అని ఉండేవారు కాదేమో. 31వ వారంలో ఒక రాత్రి తల పగిలిపోతోందంది. ప్రార్థన చేసి పడుకోబెట్టారు. తెల్లవారుజామున ఫిట్స్. పెద్దాసుపత్రికి చేరేసరికి బీపీ 180/120. మెగ్నీషియం ఇచ్చి, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లి బతికింది. 1,200 గ్రాముల పాప 40 రోజులు ఎన్‌ఐసీయూలో ఉంది. తర్వాత కృతజ్ఞత కూటంలో మరణపు అంచుల నుంచి తప్పించిన దేవుణ్ణి స్తుతించారు, స్తుతించవలసిందే. చికిత్స మాట, బీపీ మాట మాత్రం అప్పుడూ రాలేదు. ఆ కూటంలోనే పిల్లల కోసం మందులు వాడుతున్న జంటలు మరో ఇద్దరు కూర్చుని ఉన్నారు.

చికిత్స వద్దని చెప్పడానికా ఇదంతా అని కొందరు యువ దంపతులు అడగవచ్చు. కాదు. పై అంకెల్నే మళ్లీ చూడండి, ఫ్రీజ్ చేసిన పిండంతో గర్భం నిలిచిన 100 మందిలో 92 మందికి పైగా ఈ సమస్య రాలేదు. చికిత్స అసలు ధర్మమా కాదా అన్న చర్చ ఉంది, అది వేరే వేదిక మీద జరగాలి. అసలు ప్రపంచంలో మొట్టమొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ, 1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో పుట్టిన లూయీస్ బ్రౌన్, సిజేరియన్‌తో పుట్టింది. తల్లి లెస్లీకి గర్భంలో ఇదే బీపీ వచ్చింది. డాక్టర్లు కాచుకుని ఉన్నారు కాబట్టి సకాలంలో తీశారు. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. కాచుకుని ఉండటం ఒక్కటే నేనడుగుతున్నది.

కాచుకుని ఉంటే చేయడానికి ఏముంది? చాలా ఉంది. 2017లో ఆస్ప్రే అనే ప్రయోగ ఫలితాలు వచ్చాయి. ప్రమాదం ఎక్కువున్న గర్భిణులను మూడో నెలలోనే గుర్తించి, రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాల కంటే ముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. అతి చవకైన మాత్ర. అయితే 16 వారాలలోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో డాక్టరు తేల్చాలి, ఎవరికి వారు వేసుకునేది కాదు. కానీ గమనించారా, ఆ 16 వారాలలోపే ఫెర్టిలిటీ సెంటరు చేతులు దులుపుకుంటుంది, కాన్పు డాక్టరు ఇంకా చేతిలోకి తీసుకోరు. మాత్ర ఆ సందులో పడిపోతుంది. కొన్ని సెంటర్లు రాస్తాయి, ఎందుకో చెప్పవు. పుట్టింట్లో ఎవరో అది రక్తం పలచబడే మాత్ర, గర్భిణికి వద్దంటారు, ఆపేస్తారు. ఇక ముదిరిన దశలో మెగ్నీషియం సల్ఫేటు ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాల్లో జరిగిన మ్యాగ్‌పై ప్రయోగం 2002లోనే నిరూపించింది. ప్రభుత్వాసుపత్రుల్లో దొరికే మందే.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోవాలి. చికిత్స వల్ల వచ్చే దుష్ప్రభావాలనూ, కవలల ప్రమాదంతో సహా ఇతర ప్రమాదాలనూ, ఖర్చునూ దంపతులకు తెలియజెప్పి, వాళ్లు తెలిసి నిర్ణయం తీసుకునేలా తోడ్పడటం సెంటరు బాధ్యత అని ఏఆర్‌టీ చట్టంలోనే రాసి ఉంది. ఆచరణలో ఏం జరుగుతోంది? ఇంగ్లిషులో పేజీలకు పేజీలు, చివర సంతకం. షోలాపూర్‌లో పుట్టి పెరిగిన మన అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, మరాఠీ చదువుతుంది. రాయగడ అమ్మాయి ఒడియా చదువుతుంది. వాళ్లకు అర్థమయ్యే భాషలో ఒక్క పేజీ, బీపీ అనే మాట స్పష్టంగా ఉన్న ఒక్క పేజీ ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? లక్షల ప్యాకేజీలో ఆ పేజీ ఎందుకు ఇమడదు?

అదే చట్టంలో నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం మరొకటుంది. అండం దానం చేసే స్త్రీకి 12 నెలల బీమా తప్పనిసరి చేశారు. సరొగసీ చట్టంలో బిడ్డను మోసిపెట్టే స్త్రీకి 36 నెలల బీమా తప్పనిసరి. రెండూ న్యాయమే. తన కోసం తానే మోసే స్త్రీకి? ఏమీ లేదు. మామూలు ఆరోగ్య బీమా సంతాన చికిత్సను మినహాయిస్తుంది. కాన్పు ఖర్చుకు ఉంటే సంవత్సరాల వెయిటింగ్. చికిత్సకే నగలు తాకట్టు పెట్టిన కుటుంబం ఐసీయూ, ఎన్‌ఐసీయూ బిల్లులు దేనితో కడుతుంది? మన ఎంపీలను, ఎమ్మెల్యేలను పండగ కేకు కోయడానికి పిలిచినప్పుడు అడగవలసిన ప్రశ్నల్లో ఇదొకటి.

కాబట్టి చికిత్సకు వెళ్తున్న దంపతులారా, భర్తలు ముఖ్యంగా, డబ్బు కట్టే ముందు నోరు తెరిచి అడగండి. చికిత్స మొదలుకాకముందే ఆమె బీపీ, షుగరు, కిడ్నీ పరీక్ష చేశారా? తాజా పిండమా, ఫ్రీజ్ చేసిందా, ఎందుకు? నెలసరి సరిగా వస్తుంటే సహజ పద్ధతిలో ఎందుకు పెట్టకూడదు? ఒక్క పిండమే పెడతారా? ఆస్పిరిన్ సంగతి ఎవరు చూస్తారు, ఎప్పుడు? పంపించేటప్పుడు కాన్పు చేసే డాక్టరు పేరిట ఉత్తరం రాసిస్తారా? విసుక్కునే డాక్టరుంటే బయటికి వచ్చేయండి, ఇంకో బోర్డు పక్క వీధిలోనే ఉంటుంది. కాన్పు చేసే ఆసుపత్రిలో మాత్రం దాచకండి. ఐవీఎఫ్ అనీ, ఫ్రోజెన్ అనీ, దాత అండమైతే దాత అండమనీ చెప్పండి. ఇంట్లోవాళ్ల ముందు వద్దనుకుంటే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని అడిగే హక్కు ఆమెకుంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షించే పథకం 2016 నుంచి నడుస్తోంది, ప్రైవేటులో చూపించుకునేవాళ్లు కూడా వెళ్లవచ్చు.

కాపరులకు నా విన్నపం చిన్నది. పెళ్లయిన ఏడాదికే స్టేజీ మీదికి పిలిచి గర్భఫలం కోసం ప్రార్థించడం ఆపండి, వాళ్లు అడిగితే తప్ప. చికిత్సతో బిడ్డను కన్నవాళ్లు ఆ మాట చెప్పదలిస్తే చెప్పనివ్వండి. దేవుడి మహిమకు డాక్టరు అడ్డం రాడు. అలా ఒక్కరు చెబితే, వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు ప్రార్థన ముగిశాక వచ్చి నెమ్మదిగా అడుగుతారు, ఏ నెలలో బీపీ పెరిగింది అక్కా అని.

స్త్రీల సమాజాలు ఈ నెలే చేయగలిగిన పని ఒకటుంది. చేతి కండకు కట్టే డిజిటల్ బీపీ మిషను రెండు మూడు వేల రూపాయలకు వస్తుంది. ఒకటి కొని పాస్టరమ్మగారి దగ్గర ఉంచండి. సంఘంలో గర్భిణి ఎవరైనా సరే, చికిత్సతోనా సహజంగానా అని అడగకుండా, 20 వారాలు దాటాక వారానికోసారి చూసి కార్డు మీద తేదీతో రాయండి. 5 నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చున్నాక చూడాలి, మెట్లెక్కి వచ్చిన వెంటనే కాదు. 140/90 కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి, 160/110 అయితే ఆ గంటలోనే పెద్దాసుపత్రికి. కాన్పు అయిపోయిందని మిషను లోపల పెట్టేయకండి. ఫిట్స్ కాన్పు తర్వాత కూడా రావచ్చు, మొదటి వారం పది రోజులు మరీ జాగ్రత్తగా, 6 వారాల దాకా చూస్తూ ఉండాలి. బాలింతను చూడటానికి వెళ్లేటప్పుడు పాపకు గౌనుతో పాటు ఆ మిషను కూడా సంచిలో వేసుకుని వెళ్లండి.